ఏ-టూ సామ్ లెస్సర్: ఒక వకీలు గుమాస్తా చదివిన దయ్యాల కామిక్

తీర్పు ముందే చెప్పేస్తాను, వాదనలు తర్వాత. ‘లాక్ అండ్ కీ’ అనే ఆరు పుస్తకాల ఇంగ్లీషు కామిక్ సెట్టు కొనదగ్గదే. దయ్యాల కోసం కొనేవాళ్ళకు దయ్యాలు దొరుకుతాయి, మాయల కోసం కొనేవాళ్ళకు మాయలు దొరుకుతాయి. నాకు మాత్రం అందులో ఒక ముద్దాయి దొరికాడు. పేరు సామ్ లెస్సర్. విలన్‌కు తోడుదొంగ. మా కోర్టు లెక్కలో ఏ-టూ, అంటే రెండో ముద్దాయి.

నేను కర్నూలులో ఒక క్రిమినల్ లాయరు దగ్గర గుమాస్తాను. పొద్దున కేసు కట్టలు మోసుకెళ్ళడం, వాయిదాలు డైరీలో రాసుకోవడం, జామీను కాగితాలు సరిచూడడం, సాయంత్రం పార్టీలకు ఫోన్ చేసి "రేపు కచ్చితంగా రావాలప్పా, రాకపోతే వారెంటు పడుతుంది" అని బతిమాలడం నా పని. ఏ-వన్, ఏ-టూ, ఏ-త్రీ అని రోజుకు ఎన్నిసార్లు రాస్తానో లెక్కే లేదు. కామిక్కుల గురించి నాకు పెద్దగా తెలియదు. ముద్దాయిల గురించి కాస్త తెలుసు. ఈ రివ్యూ ఆ పక్క నుంచే.

ముందు వస్తువు సంగతి. దీన్ని రాసింది జో హిల్, బొమ్మలు గాబ్రియల్ రోడ్రిగెస్, వేసింది అమెరికాలోని ఐడీడబ్ల్యూ కంపెనీ. 2008 ఫిబ్రవరిలో మొదటి సంచిక వచ్చింది, 2013 చివర్లో కథ ముగిసింది. విడి సంచికలను కలిపి ఆరు పుస్తకాలుగా కుట్టారు. ఈ జో హిల్ ఎవరో కాదు, స్టీఫెన్ కింగ్ కొడుకు. నాన్న పేరు చెప్పుకుని అమ్ముకోవడం ఇష్టంలేక ఇంటిపేరు వదిలేసి రాయడం మొదలుపెట్టాడట. ఈ సిరీస్ నడుస్తుండగానే 2011లో ఉత్తమ రచయితగా ఐస్నర్ అవార్డు వచ్చింది. కామిక్కుల వాళ్ళకు అది చాలా పెద్ద అవార్డు అని మా మేనల్లుడు చెప్పాడు.

సెట్టు కూడా వాడిదే. బెంగళూరులో ఉద్యోగం. పండగకు వచ్చినప్పుడు మొదటి పుస్తకం మా ఇంట్లో వదిలేసి, "మామా, నీ కోర్టు కథలకంటే ఇది నయం, చదివి చూడు" అన్నాడు. చదివాను. మిగతావి ఎక్కడైనా దొరుకుతాయేమోనని ఊళ్ళో పుస్తకాల షాపుల్లో అడిగితే గ్రూప్స్ మెటీరియల్, డీఎస్సీ గైడ్లు చూపించారు. ఒకాయన "కామిక్కా? పిల్లలకా సార్?" అని రంగులేసుకునే పుస్తకం తీశాడు. ఆయన తప్పేం లేదు. బొమ్మల పుస్తకమంటే మనకు చందమామే. దాన్ని పెట్టిన నాగిరెడ్డిగారు మన కడప జిల్లా మనిషే కదా. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి చూస్తూ పెరిగినవాళ్ళం, బొమ్మల్లో దయ్యం మనకు కొత్త కాదు. కానీ ఈ పుస్తకం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. నెత్తురుంది, బూతుంది, ఒక ఆడమనిషి మీద జరిగే అఘాయిత్యం ఉంది. పదహారేళ్ళు దాటినవాళ్ళకైనా ఇంట్లో పెద్దవాళ్ళు ముందు చదివి ఇస్తే మంచిది.

ఇక్కడి నుంచి కథ చెప్పేస్తాను. తెలుసుకోకుండా చదవాలనుకునేవాళ్ళు ఆగిపోండి.

రెండెల్ లాక్ అని ఒక బడి కౌన్సిలర్. అమెరికాలో హైస్కూళ్ళలో అలాంటి పోస్టు ఒకటుంటుంది. పిల్లలు వచ్చి కూర్చుని ఇంటి బాధలు, చదువు బాధలు చెప్పుకోవచ్చు. ఆయన దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో ఒకడు ఈ సామ్. ఆ సామే ఇంకొకణ్ణి, ఆల్ గ్రబ్ అనేవాణ్ణి వెంటేసుకుని వెళ్ళి రెండెల్‌ను ఇంట్లోనే చంపేస్తాడు. గ్రబ్ అక్కడే చస్తాడు. సామ్‌ను రెండెల్ పెద్దకొడుకు టైలర్ ఇటుకతో కొట్టి పడేస్తాడు. సామ్ పోలీసులకు దొరుకుతాడు. మిగిలిన తల్లి నీనా, ముగ్గురు పిల్లలు టైలర్, కిన్సీ, చిన్నవాడు బోడీ దేశానికి ఇంకో చివర, మసాచుసెట్స్‌లో ఉన్న పాత కుటుంబ ఇంటికి వెళ్ళిపోతారు. ఆ ఇంటి పేరు కీహౌస్. అందులో మాయ తాళంచెవులు ఉంటాయి. ఒకదానితో తలుపు తీసి దాటితే ప్రాణం దేహాన్ని వదిలి దయ్యమై తిరుగుతుంది. ఒకదానితో మనిషి తలనే మూతలా తెరవొచ్చు. ఆ ఇంటి పక్క బావి గదిలో ఒక శాల్తీ బందీగా ఉంది. పేరు డాడ్జ్. దానికి కొన్ని తాళంచెవులు కావాలి. రెండెల్ హత్య వెనక ఉన్న అసలు చెయ్యి అదే. అది ఏ-వన్.

పాత ఇల్లు, తెరవకూడని తలుపు అనే కథలు మనకేం తక్కువ లేవు. కొండారెడ్డి బురుజు కింద సొరంగం ఉందనీ, అది తుంగభద్ర కింద నుంచి గద్వాల కోట దాకా పోతుందనీ చెప్పుకోని ఇల్లు కర్నూల్లో లేదు. చిన్నప్పుడు అందులో దిగి తిరిగిరానివాళ్ళ కథలు ఎన్ని విన్నామో. కాబట్టి కీహౌస్ లోపలికి నేను సులువుగానే వెళ్ళిపోయాను. నన్ను ఆపేసింది సామ్.

మామూలుగా తోడుదొంగకు కథలో ఉద్యోగం ఏముంటుంది? సుమోలో వెనక కూర్చుంటాడు, కొడవలి పట్టుకుని దిగుతాడు, హీరో కొడితే గాల్లో తిరిగి పడతాడు. మన సీమ మీద తీసిన సినిమాల్లో అలా పడ్డవాళ్ళను లెక్కపెడితే ఒక మండలం జనాభా తేలుతుంది. వాళ్ళలో ఒక్కడికి కూడా పేరుండదు. మరి కోర్టులో? కోర్టులో పేరుంటుంది, తండ్రి పేరుంటుంది, వయసు, కులం, వృత్తి, ఊరు అన్నీ ఉంటాయి. వృత్తి దగ్గర ఎక్కువగా ‘కూలి’ అనో ‘వ్యవసాయం’ అనో ఉంటుంది. అంతకుమించి ఒక్క ముక్క ఉండదు. ‘ఏ-వన్ ప్రోద్బలంతో ఏ-టూ కొడవలితో నరికెను’ అని ఒక వాక్యం. ఆ ప్రోద్బలం ఏంటో, ఏ-వన్ ఒక్క మాట చెప్తే వీడు ఎందుకు కొడవలి తీశాడో కట్ట మొత్తం తిరగేసినా దొరకదు. చట్టానికి ఆ అవసరం పెద్దగా లేదు కూడా. పాత శిక్షాస్మృతి ఐపీసీలో 34వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 3(5). ఉమ్మడి ఉద్దేశం రుజువైతే చాలు, ఎవరు పిలిచారు, ఎవరు వెళ్ళారు అన్న తేడా లేకుండా అందరూ ఒక్కటే.

జో హిల్ రాసింది సరిగ్గా ఆ కట్టలో లేని కాగితం. మొదటి పుస్తకం మధ్యలో కథను ఆపి, సామ్ వెంట పడతాడు. ఇంట్లో దెబ్బలు తింటూ పెరిగిన కుర్రాడు. తెలివి తక్కువవాడేం కాదు, నిజానికి చాలా తెలివైనవాడు. ఆ సంగతి కనిపెట్టింది కూడా రెండెలే. వాడి జీవితంలో వాణ్ణి కూర్చోబెట్టి, "నీకేం కావాలి?" అన్నట్టు చూసిన పెద్దమనిషి ఆయన ఒక్కడే. మరి ఆయన్నే ఎందుకు చంపాడు? ఇక్కడే రచయిత చెయ్యి కనిపిస్తుంది. మంచిమనిషి వారానికి ఒకసారి, ఆఫీసు టైములో, తలుపు దగ్గరికి వేసి మాట్లాడతాడు. తర్వాత సామ్ మళ్ళీ ఆ ఇంటికే పోవాలి. డాడ్జ్‌కు అలా ఆఫీసు టైము లేదు.

రిమాండులో ఉన్నప్పుడు వాడితో డాడ్జ్ మాట్లాడేది ఎలాగో తెలుసా? గదిలో చేతులు కడుక్కునే సింకు నీళ్ళలో నుంచి. పగిలి కుట్లు పడ్డ మొహంతో ఒక కుర్రాడు సింకు మీదికి వంగి నీళ్ళలో కనిపించే మొహంతో గుసగుసలాడుతుంటాడు. అరుపుల్లేవు, నెత్తురు లేదు. ఆరు పుస్తకాల్లో నాకు బాగా చలిపుట్టించింది అదే. ఎందుకంటే ఆ సంభాషణలో బెదిరింపు కంటే ఆదరణ ఎక్కువ. నువ్వు నాకు కావాలి, నీ ఒక్కడివల్లే అవుతుంది, నిన్ను బయటికి తెస్తాను. అర్థం అంతే.

ఈ మాటలు నేను ఇంతకు ముందే విన్నాను. ఇంగ్లీషులో కాదు, మన సీమ మాటల్లో. "వాడు మనోడు, వాణ్ణి నేను చూసుకుంటా." ఫ్యాక్షన్ రోజుల కేసులు మా సారు ఆఫీసులో ఇంకా కొన్ని అప్పీళ్ళుగా బతికే ఉన్నాయి. వాటిలో ఏ-వన్ సంఘటన స్థలంలో ఉండడు. పెళ్ళిలో ఉంటాడు, లేకపోతే తిరుపతిలో ఉంటాడు, ఫోటోలు కూడా ఉంటాయి. నాటుబాంబు సంచి మోసినవాడు ఏ-టూ నుంచి ఏ-పన్నెండు దాకా ఎవడో ఒకడై ఉంటాడు. బెయిల్ మొదట వచ్చేది ఏ-వన్‌కే.

ఒకసారి ఒక ఏ-టూ భార్య జామీను కాగితాలు పట్టుకుని మా బెంచీ దగ్గరికి వచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలి. ఒకరు ఆమె అన్న, పట్టాదారు పాసు పుస్తకం తెచ్చాడు. ఇంకొకరిని ‘పెద్దాయన’ పంపిస్తానన్నాడట. మధ్యాహ్నం దాకా చూసింది. చంకలో పిల్లవాడు, చేతిలో నీళ్ళ సీసా, గేటు వైపు ఏ జీపు శబ్దం వచ్చినా లేచి నిలబడేది. నేను తెప్పించిన ఉగ్గాణి పొట్లం పిల్లవాడికి పెట్టింది గానీ తను ముట్టలేదు. ఎవరూ రాలేదు. "ఆయన మర్చిపోయింటాడు సార్, మనసులో ఏం పెట్టుకోడు" అని ఆమే పెద్దాయన తరఫున నాకు సంజాయిషీ ఇచ్చింది. సామ్ లెస్సర్ డాడ్జ్‌ను నమ్మే పేజీలు చదువుతుంటే నాకు ఆమె గుర్తొచ్చింది. ఏ-వన్ మీద ఏ-టూకు ఉండే నమ్మకాన్ని భయం అనుకుంటాం. చాలాసార్లు అది కృతజ్ఞత.

సామ్ మన దగ్గర పట్టుబడి ఉంటే ఏమయ్యేదని కూడా ఆలోచించాను, వృత్తిదోషం. పద్దెనిమిది నిండలేదనుకుందాం. ఇరవై నాలుగు గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టాలి. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, అందులో ఒకరు మహిళ. ప్రొబేషన్ ఆఫీసరు పదిహేను రోజుల్లో సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. ఇల్లెలా ఉంది, తల్లిదండ్రులెలా చూశారు, బడిలో ఎలా ఉండేవాడు, ఎవరితో తిరిగేవాడు, అన్నీ అందులో రావాలి. పదహారు దాటి, చేసింది హత్యలాంటి ఘోరమైన నేరమైతే 2015 చట్టం 15వ సెక్షన్ కింద ప్రాథమిక అంచనా వేస్తారు: వీడికి ఆ పని చేసే శక్తి ఉందా, ఫలితం అర్థమయ్యే తెలివి ఉందా, ఏ పరిస్థితుల్లో చేశాడు. దాన్నిబట్టి పెద్దవాడిలా విచారించాలో లేదో తేలుస్తారు. చదువుతుంటే గొప్పగా ఉంటుంది. నేను చూసిన నివేదికల్లో కొన్ని శ్రద్ధగా రాసినవి ఉన్నాయి. ఇంకొన్నింటిలో ఒకరి బదులు ఇంకొకరి పేరు పెట్టినా తేడా తెలియదు: ‘పేద కుటుంబం, చెడు సావాసం.’ జో హిల్ ఇరవై చిల్లర పేజీల్లో ఒక కుర్రాడి ఇంటిని, బడిని, వాడు తనను తాను ఎలా చూసుకుంటాడో దాన్ని పెట్టాడు. ప్రొబేషన్ ఆఫీసర్ల ట్రైనింగులో ఈ భాగం చూపించినా తప్పులేదు, పై అధికారులు ఒప్పుకోరు గానీ.

అయితే ఒక మాట. బాల్యం చూపించాడు కాబట్టి సామ్‌ను వెనకేసుకొచ్చాడని అనుకోకండి. ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఆ నిగ్రహమే. బాల్యం చెప్పిన తర్వాత కూడా సామ్ చంపుతూనే ఉంటాడు. జైలు నుంచి తప్పించుకుని దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి కీహౌస్ కోసం పోతూ, దారిలో ఏ పాపం తెలియనివాళ్ళను చంపుతాడు. మనకు జాలి కలిగిన మరుక్షణమే వాడి చేతిలో ఎవరో ఒకరు పోతారు. జాలి తప్పు అనడు, శిక్ష తప్పు అనడు. రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టి మనల్ని ఇబ్బంది పెడతాడు. మా సారు నేరం రుజువయ్యాక ‘క్వాంటమ్’ మీద, అంటే శిక్ష ఎంత వెయ్యాలన్నదాని మీద వాదించేటప్పుడు సరిగ్గా ఈ ఇరుకు దారిలోనే నడుస్తాడు. ముసలి తల్లి, చిన్నపిల్లలు అని చెప్పాలి, చచ్చినవాడికీ తల్లి ఉందని జడ్జిగారికి గుర్తురాకముందే కూర్చోవాలి.

ఆ దారి హత్యల మీద నాకు ఫిర్యాదు ఉంది. ఒకటి రెండు చాలు. అంతకుమించినవి పేజీ తిప్పించడానికి పెట్టినట్టే అనిపించాయి. చచ్చిపోయినవాళ్ళకు సినిమాల్లో గాల్లో తిరిగేవాళ్ళకు ఉన్నపాటి విలువే దక్కింది. సామ్‌కు అంత ఓపిగ్గా చరిత్ర రాసినవాడు వీళ్ళకు రెండేసి వాక్యాలైనా పెట్టాల్సింది. ఆల్ గ్రబ్ సంగతీ అంతే. వాడు ఏ-త్రీ. వాడి వెనక ఏముందో ఎవరికీ పట్టలేదు. ఒట్టి మృగంలా వచ్చి, నీనా మీద అఘాయిత్యం చేసి, గొడ్డలి దెబ్బకు పోతాడు. ఆ అఘాయిత్యం కథకు ఎంతవరకు అవసరమో నాకు అర్థం కాలేదు. నీనా తర్వాత తాగుడులో పడిపోవడానికి భర్త చావు చాలదా?

టైలర్ సంగతి వేరు, అక్కడ రచయితకు పూర్తి మార్కులు. హత్యకు ముందెప్పుడో తండ్రి మీద కోపంలో టైలర్ సామ్‌తో ఒక ఆకతాయి మాట అంటాడు, మా నాన్నను కూడా చంపెయ్ అన్నట్టు. కుర్రకారు మాట. చట్టం ప్రకారం ప్రేరేపణ కింద నిలబడదు, మా సారు ఐదు నిమిషాల్లో కొట్టేయిస్తాడు. కానీ టైలర్ తనమీద తనే ఛార్జిషీటు వేసుకుంటాడు, ఎవరూ కొట్టేయించలేరు. సామ్‌నూ టైలర్‌నూ ఎదురెదురుగా నిలబెట్టినప్పుడల్లా పుస్తకం బిగుసుకుంటుంది. ఒకే వయసు, ఒకే బడి. ఒకడికి తండ్రి అంటే దెబ్బలు, ఇంకొకడికి తండ్రి అంటే కాస్త చిరాకు. ఆ చిరాకు మాటను దెబ్బలు తిన్నవాడు నిజంగా తీసుకున్నాడు.

సామ్ చావు మొదటి పుస్తకం చివర్లోనే. పని అయిపోగానే డాడ్జ్ వాణ్ణి దయ్యం తలుపు దాటించేస్తుంది. దేహం ఇవతల కూలిపోతుంది, ప్రాణం అవతల ఉండిపోతుంది. ఏ-వన్ చేతిలో ఏ-టూ పోవడం మా దగ్గర కొత్తేం కాదు, సాక్ష్యం చెప్తాడన్న భయం ఉంటే ముందు పోయేది వాడే. అందుకే అప్రూవర్‌గా మారేవాణ్ణి, అంటే తోటి ముద్దాయిల మీద సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నవాణ్ణి, కస్టడీలోనే ఉంచమంటుంది చట్టం. ఇక్కడ తమాషా ఏంటంటే సామ్ చచ్చిన తర్వాత అప్రూవర్ అయ్యాడు. మూడో పుస్తకం మొదట్లో, దయ్యంగా మారి తిరగడానికి వచ్చిన డాడ్జ్‌ను అక్కడే పడి ఉన్న సామ్ దయ్యం ఎదుర్కొంటుంది. ఇంటి చుట్టూ, గోడల్లోంచి, గాల్లో కొట్టుకుంటారు. రోడ్రిగెస్ ఆ పోట్లాటను మహా ఉషారుగా గీశాడు. కానీ నేను చూసింది దెబ్బలను కాదు. తనను వాడుకున్నవాడిని సామ్ మొదటిసారి సూటిగా నిలదీసింది అక్కడే. దేహం లేదు, మళ్ళీ జైలు భయం లేదు, బెయిల్ ఆశ లేదు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు ఏ-టూ నోరు తెరుస్తాడు. ముప్పై ఏళ్ళ కేసుల్లో ముసలి ముద్దాయిలు కొందరు చివర్లో మా సారు ముందు చెప్పేవి అలాంటి మాటలే, అప్పటికి రాసుకునేవాడు ఎవడూ ఉండడు.

సామ్ పోయాక సహాయకుల పాత్ర ఎలీ విడన్ మీద పడుతుంది. బడిలో వ్యాయామం టీచరు, రెండెల్ చిన్ననాటి స్నేహితుల్లో ఒకతె. డాడ్జ్ కుర్రాడి రూపంలో, జాక్ వెల్స్ అనే పేరుతో ఆమె ఇంట్లోనే మకాం వేస్తాడు. ఆమెకు బుద్ధిమాంద్యం ఉన్న ఒక కొడుకు, రూఫస్. గయ్యాళి తల్లి చేతిలో నలిగిన బతుకు. సామ్ ఆదరణకు లొంగాడు, ఎలీ భయానికి లొంగింది. మా దగ్గర ఇలాంటి ఆడవాళ్ళు ‘ఆశ్రయం ఇచ్చిన నేరం’ కింద ఏ-పదకొండుగానో వస్తారు. ముద్దాయికి అన్నం పెట్టింది, గదిలో పడుకోనిచ్చింది. కాదంటే ఏమయ్యేదో ఏ ఛార్జిషీటూ రాయదు. ఎలీ భాగం బాగుంది, కానీ సామ్‌కు ఇచ్చినంత తీరిక ఇవ్వలేదు. రూఫస్ మాత్రం మొత్తం కథలో నాకు బాగా దగ్గరైన పిల్లాడు. బొమ్మ సైనికులతో ఆడుకుంటూ, తెలివైనవాళ్ళు చూడలేనివి చూస్తుంటాడు.

ఐదో పుస్తకం, ‘క్లాక్‌వర్క్స్’, అసలు మలుపు. డాడ్జ్ కూడా ఒకప్పుడు లూకాస్ అనే మంచి కుర్రాడు. 1988లో రెండెల్, వాడి స్నేహితులు సముద్రపు గుహలో తెరవకూడని తలుపు తెరిస్తే అందులోంచి వచ్చిన భూతం లూకాస్‌లో దూరింది. అంటే ఏ-వన్ కూడా ఇంకెవరికో ఏ-టూ. పైగా ఆ తలుపు తెరిచిన గుంపులో చచ్చిపోయిన మంచి కౌన్సిలరు కూడా ఉన్నాడు. మా మేనల్లుడు దీనికి చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం కాస్త అసంతృప్తి. లూకాస్‌కు భూతం పట్టింది, కాబట్టి వాడి చేతుల్లో ఏమీ లేదు. సామ్‌కు ఏ భూతమూ పట్టలేదు. వాడివి ఒట్టి దెబ్బలు, ఒట్టి ఒంటరితనం. రచయిత చివరికి ఎవరి మీద ఎక్కువ దయ చూపించాడో చూస్తే భూతం పట్టినవాడి మీదే. ఈ మాట మేనల్లుడితో అంటే, "మామా, నువ్వు మరీ ఏ-టూ పార్టీ" అన్నాడు. అవును మరి, ఫీజు సరిగ్గా కట్టేది వాళ్ళే.

బొమ్మల గురించి చెప్పకపోతే అన్యాయం. రోడ్రిగెస్ చిలీ దేశస్థుడు, చదివింది ఆర్కిటెక్చర్. ఆ చదువు ప్రతి గదిలో కనిపిస్తుంది. కీహౌస్‌లో ఏ మెట్లు ఎక్కడికి పోతాయో, ఏ కిటికీ ఏ వైపో మీకు గుర్తుండిపోతుంది. రెండో పుస్తకంలో చిన్నవాడు బోడీ తన తలలోకి తాళంచెవి పెట్టి మూత తీస్తే లోపల ఉన్నదంతా రెండు పేజీల నిండా పరిచాడు. భయాలు, ఇష్టాలు, జ్ఞాపకాలు, చిన్నచిన్న బొమ్మలుగా కిక్కిరిసి ఉంటాయి. నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయాను. తర్వాత అక్క కిన్సీ తన తలలోంచి భయాన్నీ ఏడుపునూ చిన్న పురుగుల్లాంటి రూపాల్లో పట్టి బయటికి లాగి సీసాలో పెడుతుంది. ఆ తర్వాత ఆమె ధైర్యంగా ఉండదు, మొండిగా ఉంటుంది. ఆ తేడాను మాటల్లో చెప్పకుండా కళ్ళ గీతల్లో చూపించాడు. జే ఫోటోస్ రంగులు మరీ మెరవకుండా కథకు సరిపోయాయి. నాలుగో పుస్తకంలో ఒక సంచికను పాత వార్తాపత్రికల కార్టూన్ల శైలిలో గీశారు, అది చూసి నవ్వుకుంటుంటే మధ్యలో గుండె పట్టేస్తుంది.

నెట్‌ఫ్లిక్స్‌లో సీరియల్ కూడా ఉంది, 2020 నుంచి 2022 దాకా మూడు సీజన్లు. ఇంటిల్లిపాదీ చూసేలా పదును తగ్గించారు. అందులోనూ సామ్ ఉన్నాడు, నటించిన కుర్రాడు బాగానే చేశాడు. కానీ పుస్తకంలో వాడి కోసం ఆగి తీసుకున్న ఊపిరి అక్కడ లేదు. సీరియల్ చూసి కథ తెలిసిపోయిందనుకునేవాళ్ళు మొదటి పుస్తకం ఒక్కటైనా చదవండి.

ఇక వస్తువు లోపాలు. అక్షరాలు చిన్నవి, నలభై దాటినవాళ్ళకు మంచి లైటు కావాలి. మెరిసే కాగితం కాబట్టి ట్యూబులైటు కింద పేజీ పక్కకు వంచుకుని చదవాలి. ఐదో పుస్తకం మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తెప్పిస్తే మూల నలిగి వచ్చింది, మార్చమంటే ‘డెలివరీ తర్వాత బాధ్యత లేదు’ అని జవాబు. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, రేపు కన్స్యూమర్ కమిషన్ దాకా పోవాల్సి వస్తే పనికొస్తుంది. ఇంగ్లీషు మరీ కష్టం కాదు. బడి పిల్లల వాడుక మాటలు, బూతులు కొన్ని తెలియకపోయినా బొమ్మ చెప్తుంది. నాకు తెలిసిన ఇంగ్లీషు రిమాండు రిపోర్టుల ఇంగ్లీషు, దాంతోనే నెట్టుకొచ్చాను.

సెట్టు మొత్తం ఒకేసారి కొనడానికి చెయ్యి రాకపోతే మొదటి పుస్తకం, ‘వెల్కమ్ టు లవ్‌క్రాఫ్ట్’, విడిగా తీసుకోండి. సామ్ బతికి ఉన్న కథ అందులోనే మొదలై అందులోనే ముగుస్తుంది. నచ్చితే వరుసగా వెళ్ళండి, ఐదోది ముందు తెరిస్తే ఆట మొత్తం పాడవుతుంది. మా మేనల్లుడి సెట్టు మాత్రం అడగకండి. మొదటిది మా సారు తీసుకెళ్ళి ఇంకా ఇవ్వలేదు, రెండోది పక్క కోర్టు హాలు బెంచి క్లర్కు దగ్గర ఉంది, మేనల్లుడేమో ఫోన్ చేసినప్పుడల్లా "మామా, నా పుస్తకాలకు వాయిదా ఎప్పుడు?" అంటున్నాడు.